డెక్కుకు కలప కొనేటప్పుడు చూడాల్సింది పేరు కాదు, చేవ

సంపాదకులకు నమస్కారం.

ఇళ్ళ నిర్మాణానికి మీరు కేటాయించే పేజీలో ఆరుబయటి డెక్కుల గురించి ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. మేడ మీద, పెరటి తోటలో, ఈతకొలను చుట్టూ కర్రపలకలు పరిపించుకోవడం మన నగరాల్లో బాగా పెరిగింది కాబట్టి ఆ విషయం ఎత్తుకోవడం సంతోషించదగ్గదే. అయితే ఉష్ణమండలపు గట్టి కలప ఏదో ఒకటి వేయిస్తే చాలు, ఇక ఆ వైపు చూడనక్కర్లేదన్న అభిప్రాయం అది చదివినవారికి కలుగుతుంది. భవనాల్లో కలప పనులు చేయించే వృత్తిలో ఉన్నవాడిగా ఈ అభిప్రాయాన్ని నేను ఒప్పుకోలేను. ఎండలో, వానలో పడి ఉండే డెక్కు ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది చెట్టు పేరును బట్టి కాక, ఆ చెట్టులో ఏ భాగం కోశారు, ఎంత ఆరబెట్టారు, ఎలా బిగించారు అన్న మూడు సంగతులను బట్టి తేలుతుంది. ఈ మూడింటిలో ఏదీ బిల్లు మీద కనిపించదు. నా ఫిర్యాదంతా దాని గురించే.

మొదట గట్టిదనం గురించి. గట్టి కర్ర అంటే మన్నే కర్ర అని చాలామంది అనుకుంటారు. బ్రెజిల్ అడవుల నుంచి వచ్చే ఇపే అనే కలప నీళ్ళలో వేస్తే మునిగేంత బరువుంటుంది. కాఠిన్యాన్ని కొలిచే జాంకా పరీక్షలో దాని విలువ సుమారు 3,500 పౌండ్లు. టేకుది అందులో మూడో వంతుకు అటూఇటూ. అయినా పడవలకూ వంతెనలకూ తరతరాలుగా టేకునే నమ్ముకున్నారంటే కారణం దాని గట్టిదనం కాదు. చేవలో, అంటే మాను మధ్యనుండే ముదురు కర్రలో, చెట్టు దాచుకునే నూనెలూ, టెక్టోక్వినోన్ వంటి పదార్థాలూ చెదలకూ బూజుకూ గిట్టవు. ఇపేలో ఆ పని లపచోల్ వంటివి చేస్తాయి. ఇలాంటి రక్షణ లేని కలప ఎంత గట్టిదైనా ఆరుబయట నిలవదు. రబ్బరుచెట్టు కలప బల్లలకూ కుర్చీలకూ పనికివచ్చేంత గట్టిగానే ఉంటుంది, కానీ మందు పట్టించకుండా వానలో వదిలేస్తే తొందరగా బూజుపట్టి పుచ్చిపోతుంది.

ఈ రక్షణ పదార్థాలు ఉండేది చేవలోనే. చేవ చుట్టూ ఉండే తెల్ల భాగంలో పిండిపదార్థం ఉంటుంది తప్ప అవి ఉండవు. అది టేకుదైనా, ఇపేదైనా, మన నల్లమద్దిదైనా ఆరుబయట పనికిరాదన్నది కలప శాస్త్రంలో రెండో మాట లేని విషయం. తూర్పుతీరంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక అతిథిగృహం డెక్కును కొంతకాలం క్రితం పరిశీలించాల్సి వచ్చింది. పలకలన్నీ టేకువే. కానీ వాటిలో చాలావాటికి ఒక అంచున వేలెడు వెడల్పున పాలిపోయిన చార ఉంది. ఆ చారలో గోరు దిగుతోంది, కాలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతోంది. దాన్ని ఆనుకుని ఉన్న ముదురు గోధుమరంగు భాగం మాత్రం చిత్రిక పట్టిన రోజున ఎలా ఉందో అలాగే గట్టిగా ఉంది. ఒకే పలక, ఒకే వాన, ఒకే ఉప్పుగాలి. అలా పుచ్చిన పలకలన్నీ మార్చాల్సి వచ్చింది. కొనేటప్పుడు ఒక్కో పలక తిప్పి రెండు అంచులూ చూసి ఉంటే ఆ ఖర్చు తప్పేది.

టేకు విషయంలో ఇది ఇప్పుడు మరింత ముఖ్యమైంది. మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతిని నిషేధించింది. అప్పటి నుంచి మన ఓడరేవులకు వస్తున్న టేకు దుంగల్లో ఎక్కువ భాగం ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల తోటల్లో పెంచినవే. టింబరు డిపోల్లో మాత్రం ‘బర్మా టేకు’ అన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. తోట టేకు చెడ్డదని నేననను. అది కూడా అదే చెట్టు, టెక్టోనా గ్రాండిస్. కానీ పాతిక సంవత్సరాలైనా నిండకుండా నరికిన దుంగలో చేవ తక్కువ, తెల్ల భాగం ఎక్కువ. ఉన్న చేవలో కూడా ఆ రక్షణ పదార్థాలు ముదురు చెట్టులో ఉన్నంతగా చేరి ఉండవు. ఐరోపా దేశాల ఈఎన్ 350 ప్రమాణం సహజారణ్యపు టేకును మన్నికలో మొదటి తరగతిలో ఉంచి, తోట టేకును ఒకటి నుంచి మూడో తరగతి వరకు ఎక్కడైనా ఉండవచ్చని చెప్పడానికి కారణం ఇదే. మన ఐఎస్ 401 ప్రమాణం కూడా కలపను మూడు తరగతులుగా విభజిస్తుంది. పరీక్ష కోసం నేలలో పాతిన ముక్కలు సగటున 120 నెలలు, అంతకు మించి నిలిస్తే మొదటి తరగతి, 60 నుంచి 120 నెలల లోపు అయితే రెండోది, 60 నెలల కన్నా తక్కువైతే మూడోది. టేకూ, శ్రీకాకుళం వైపు గుగ్గిలం అని పిలిచే సాల్ కలపా మొదటి తరగతిలోకి వస్తాయి. ఆ లెక్కలన్నీ చేవకు వేసినవేనన్న సంగతిని అమ్మేవారు చెప్పరు, కొనేవారు అడగరు.

పేర్ల గందరగోళం టేకుతో ఆగదు. కుమారు అనే దక్షిణ అమెరికా కలపను బ్రెజిలియన్ టేకు అనీ, ఇరోకోను ఆఫ్రికన్ టేకు అనీ అమ్ముతారు. రెండూ మంచి కలపలే, కానీ రెండూ టేకు కావు. ఆరే తీరు వేరు, నూనె పీల్చుకునే తీరు వేరు, మేకును పట్టుకునే తీరు వేరు. మన దగ్గర గుమ్మాలకు విరివిగా వాడే మలేషియా సాల్ సంగతి ఇంకా చిక్కైనది. ఆ పేరు కింద అమ్మే షోరియా జాతిలో బలావు వంటి బరువైన, మన్నికైన కలపలూ ఉన్నాయి, ఆరుబయట నిలవని తేలికపాటి మెరంటి రకాలూ ఉన్నాయి. గుమ్మానికి సరిపోయింది కదా అని అదే డిపోలో అదే పేరుతో దొరికేదాన్ని డెక్కుకు వేస్తే ఏ రకం చేతికి వస్తుందో తెలియదు. ఇండోనేషియా, మలేషియాల నుంచి వచ్చే మెర్బావు మన్నికలో మంచిదే. అయితే తొలి రెండు మూడు వానలకు దాని నుంచి ముదురు గోధుమరంగు నీరు కారి కింది పలకరాళ్ళకూ గోడ సున్నానికీ మరక పట్టిస్తుంది. తెల్లటి ప్రహరీ పక్కన వేయించుకునేవారికి ఆ మాట ముందే చెప్పాలి.

మన అడవుల కలపల గురించి ఆ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేకపోవడం నన్ను బాధించింది. కోరంగి, తాళ్ళరేవు ప్రాంతాల్లో సముద్రం మీద నడిచే నావలు కట్టిన నేల మనది. ఏ కర్ర ఎక్కడ నిలుస్తుందో మన వడ్రంగులకు తరాల అనుభవం ఉంది. వేగిస తేమకూ చెదలకూ బాగా తట్టుకునే కలప, ఆరేటప్పుడు పెద్దగా ఇబ్బంది పెట్టదు. తడిసినప్పుడు పసుపు మరక వదులుతుంది కాబట్టి దాన్ని వేసే చోటు చూసుకోవాలి. నల్లమద్ది బలమైనదీ అందమైనదీ అయినా ఆరబెట్టడంలో మహా పెంకిది. తొందరపెడితే పైన సన్నని పగుళ్ళు పడతాయి. వట్టి కాళ్ళతో తిరిగే మన ఇళ్ళలో ఆ పగుళ్ళ నుంచి లేచే పేళ్ళు చిన్న విషయం కాదు. అందుకే నల్లమద్దిని నేను కూర్చునే బల్లలకు, పందిరి స్తంభాలకు సూచిస్తాను గానీ నడిచే పలకలకు సూచించను. ఇవన్నీ అడవి చెట్లే కాబట్టి అటవీశాఖ డిపో వేలంలో కొన్నట్టు కాగితమూ, రవాణా అనుమతీ ఉన్న సరుకే తీసుకోవాలి. ఆ కాగితాలు చూపించని చోట బేరం ఎంత చవకగా కుదిరినా వదులుకోవాలి.

విదేశీ కలపకు కూడా కాగితాలు తప్పవు. ఇపే చెట్లు అమెజాన్ అడవిలో ఒక్కచోట గుంపుగా పెరగవు, ఎకరాలకు ఎకరాలు వెతికితే ఒక్కో పెద్ద చెట్టు కనిపిస్తుంది. దాన్ని బయటికి లాగడానికి అడవిలోకి కొత్త దారులు కొడతారు, ఆ దారుల వెంట మిగతా అడవి కూడా పోతుంది. వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలోని దేశాలు 2022 నవంబరులో పనామాలో సమావేశమై ఇపే, కుమారు జాతులను రెండో అనుబంధంలో చేర్చాయి. అది 2024 నవంబరు 25 నుంచి అమలులోకి వచ్చింది. అంటే, ఎగుమతి చేసే దేశం ఇచ్చిన సైటీస్ అనుమతి లేకుండా ఈ కలప సరిహద్దు దాటకూడదు. మన దేశం ఆ ఒప్పందంలో 1976 నుంచీ ఉంది. 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి ఆ నిబంధనలను మన చట్టంలోనూ చేర్చుకున్నాం. న్యూయార్కులోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు కోనీ ఐలాండ్ సముద్రపు ఒడ్డున కిలోమీటర్ల పొడవున పరిచిన కర్రబాట మీద నడిచిన తెలుగువారు చాలామందే ఉంటారు. ఆ బాటకు ఎన్నో ఏళ్ళు ఇలాంటి ఉష్ణమండలపు కలపనే వాడారు. ఆ బాట ఉన్న న్యూయార్కు నగరమే 2008లో అప్పటి మేయర్ మైకేల్ బ్లూమ్‌బర్గ్ హయాంలో ఆ వాడకాన్ని తగ్గించుకుంటామని ప్రకటించింది. కొన్నవాళ్ళే వెనక్కి తగ్గుతున్న సరుకును మనం ఇప్పుడు హోదాగా మొదలుపెడుతున్నప్పుడు, కనీసం దాని పుట్టుక ఎక్కడో తెలుసుకుని కొనడం న్యాయం.

ఇక ఆరబెట్టడం, బిగించడం. డెక్కులు చెడిపోవడానికి అసలు కారణాలు ఎక్కువగా ఇక్కడే ఉన్నాయి కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

కర్ర పొడవులో దాదాపు మారదు గానీ వెడల్పులో గాలిలోని తేమను బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. తెలంగాణ మైదానంలో ఏప్రిల్, మే నెలల్లో గాలి ఎంత పొడిగా ఉంటుందో, ఆగస్టు నాటికి ఎంత తేమగా మారుతుందో మనకు తెలిసిందే. 140 మిల్లీమీటర్ల వెడల్పున్న ఇపే పలక, దానిలోని తేమ ఎనిమిది శాతం మేర మారితే, దాదాపు మూడు మిల్లీమీటర్లు కదులుతుంది. టేకు అయితే రెండు మిల్లీమీటర్ల చిల్లర. టేకు నిలకడైనదని వడ్రంగులు అనేది దీన్ని చూసే. ఎండాకాలంలో బాగా ఎండిన పలకలను సందు లేకుండా కూర్చి బిగిస్తే తొలకరి తరవాత అవి ఒకదాన్నొకటి నెట్టుకుని మధ్యలో లేచిపోతాయి, స్క్రూలు తెగిపోతాయి. వానాకాలంలో పచ్చిగా ఉన్న పలకలు బిగిస్తే వచ్చే వేసవికి వేళ్ళు దూరేంత సందులు తేలతాయి. విశాఖ, కాకినాడ వంటి చోట్ల గాలిలో తేమ ఏడాది పొడవునా ఎక్కువే కాబట్టి ఈ తేడా కొంత తక్కువ. హైదరాబాదులో ఆరబెట్టిన కలపను ఇక్కడికి తెచ్చినా, ఇక్కడిది అక్కడికి తీసుకెళ్ళినా, వేయబోయే చోటనే నీడలో, మధ్యమధ్య పుల్లలు పెట్టి గాలి ఆడేలా కొన్ని వారాలు ఉంచిన తరవాతే బిగించాలి. తేమ కొలిచే చిన్న మీటరు ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతుంది. లారీ దిగేటప్పుడే నాలుగైదు పలకల్లో గుచ్చి చూపించమని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

పలకలు కోసిన కొనల సంగతి మరో ముఖ్యమైన విషయం. కర్ర నీటిని పక్కల నుంచి కన్నా కొనల నుంచి ఎన్నో రెట్లు వేగంగా తాగుతుంది, వదులుతుంది. అందుకే పగుళ్ళు కొనల్లోనే మొదలవుతాయి. మంచి సామిల్లుల నుంచి వచ్చే పలకల కొనలకు మైనం పూత ఉంటుంది. మేస్త్రీ కొలతకు కోసినప్పుడల్లా ఆ పూత పోతుంది. కోసిన వెంటనే, అదే రోజు, తిరిగి మైనమో కొనలకు వాడే సీలరో పూయించాలి. పని ముగిశాక పూద్దామంటే అప్పటికి ఆ కొనలు కనిపించవు.

చాలా డెక్కులు పైన పటారం, లోన లొటారం అన్నట్టు ఉంటాయి. పైన ఖరీదైన ఇపే పలకలు, కింద వాటిని మోసే అడ్డపట్టీలేమో చవక కర్ర. వాన నీరు పలకల సందుల్లోంచి దిగి నిలిచేది ఆ పట్టీల మీదే, ఎండ తగలనిదీ వాటికే. పలక చెక్కుచెదరకుండా ఉండగానే పట్టీ పుచ్చి స్క్రూ ఊడివస్తుంది, డెక్కు ఊగుతుంది. కింది పట్టీ కూడా పై పలకంత మన్నికైన చేవకర్రదో, లేక అల్యూమినియందో కావాలి. మేడ మీద అయితే పట్టీలను కాంక్రీటు మీద నేరుగా పడుకోబెట్టకుండా దిమ్మెల మీద లేపి, నీళ్ళు వాలుకు పోయే దారి వదలాలి. పట్టీలు బిగించడానికి శ్లాబులో రంధ్రాలు కొట్టి వాటర్‌ప్రూఫింగ్ పొరను చీల్చేవారిని నేను చూశాను. ఆ తరవాత కింది గదిలో కారే నీటికి డెక్కును నిందించడం అన్యాయం.

స్క్రూలు తప్పకుండా స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలి. టేకు, ఇపే, మెర్బావు వంటి వాటిలో ఉండే పదార్థాలు మామూలు ఇనుముతో కలిస్తే ఒక్క వానకే ప్రతి మేకు చుట్టూ సిరా ఒలికినట్టు నల్లటి మచ్చ పడుతుంది, అది చిత్రిక పట్టినా పూర్తిగా పోదు. సముద్రానికి దగ్గరగా ఉన్నచోట 316 గ్రేడు, లోపలి ప్రాంతాల్లో 304 గ్రేడు సరిపోతాయి. ఇంత గట్టి కర్రలో ముందుగా డ్రిల్లుతో రంధ్రం చేయకుండా స్క్రూ దించితే అది విరగడమో, పలక కొన చీలడమో ఖాయం.

తలుపులకు వేసే పాలిష్‌నే డెక్కుకూ వేయించవచ్చని ఆ వ్యాసంలో ఇచ్చిన సలహాతో నాకు పేచీ ఉంది. మెలమైన్, పాలియురేథేన్ వంటి ఆ పాలిష్‌లు ఆరుబయట పనికిరావు. అవి ఎండకు బీటలిస్తాయి, ఆ బీటల్లోంచి దిగిన నీళ్ళకు పైకి పోయే దారి లేక పొర కింద కర్ర నల్లబడుతుంది. కర్రలోకి ఇంకే, కొంచెం రంగు కలిసిన నూనె ఏడాదికోసారి పడితే చాలు. అది కూడా పట్టించకపోతే కలప బూడిదరంగుకు మారుతుంది. ఆ మార్పు ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైపొరలో కర్ర పోగులను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని విరగ్గొట్టడం వల్ల వచ్చేది. పుచ్చు కాదు, బలం తగ్గదు. బూడిదరంగు చూసి కంగారుపడి మంచి పలకలను మిషను పెట్టి అరగదీయించడం దండగ. దానికి బదులు పూలకుండీలను పలకల మీద నేరుగా పెట్టకుండా కాళ్ళున్న స్టాండు మీద పెట్టడం, సందుల్లో చేరిన ఆకులూ మట్టీ వానాకాలానికి ముందు ఊడ్చి తీయడం చేస్తే డెక్కుకు ఎక్కువ మేలు. నేను చూసిన పుచ్చుల్లో చాలావరకు కుండీ అడుగున గుండ్రంగా మొదలైనవే.

ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం పౌరుల సొమ్ముతో జరిగే పనులు. సముద్రతీరాల్లో, చెరువుగట్ల మీద, అటవీ పర్యాటక కేంద్రాల్లో కర్రబాటలూ కర్రవేదికలూ ఇప్పుడు విరివిగా కడుతున్నారు. వీటి టెండర్లలో ‘నాణ్యమైన గట్టి కలప’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే గుత్తేదారు ఏది వేసినా తప్పు పట్టలేం. కలప శాస్త్రీయ నామం, తెల్ల భాగం ఉండరాదన్న షరతు, బిగించే నాటికి ఉండాల్సిన తేమ శాతం, కింది పట్టీలు ఏ కలపవో, స్క్రూలు ఏ గ్రేడువో, సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో చూపే కాగితాలు, ఇవన్నీ టెండరులోనే రాయాలి. సరుకు దిగిన రోజునే ఇంజినీరు పలక పలకా తిప్పి చూసి సంతకం పెట్టాలి. బిగించాక చూడటానికి ఏమీ మిగలదు.

సొంత ఇంటికి కొనేవారికి ఇంత ఏర్పాటు ఉండదు. వారికి బిల్లే ఆధారం. బిల్లులో కలప శాస్త్రీయ నామమూ, దేశమూ, తేమ శాతమూ రాసి ఇవ్వడం వ్యాపారులకు పెద్ద శ్రమ కాదు. టింబరు వ్యాపారుల సంఘాలు పూనుకుంటే ఇది రేపే మొదలుపెట్టవచ్చు. నిజాయితీగా మంచి సరుకు అమ్మేవారికే దీనివల్ల ఎక్కువ లాభం. ఎందుకంటే ఇవాళ వారి చేవ పలకా, పక్క డిపోలోని తెల్ల చార పలకా ఒకే పేరుతో, వేర్వేరు ధరలకు అమ్ముడవుతున్నాయి, కొనేవాడు సహజంగానే చవకదాని వైపు పోతున్నాడు.

అటవీశాఖలోనూ, బెంగళూరు, దేహ్రాదూన్ నగరాల్లోని కలప పరిశోధన సంస్థల్లోనూ దీని గురించి నాకన్నా ఎంతో ఎక్కువ తెలిసినవారు ఉన్నారు. వారి చేత తెలుగులో సవివరంగా ఒక వ్యాసం రాయించి, చేవకూ తెల్ల భాగానికీ తేడా స్పష్టంగా కనిపించేలా రంగుల ఫొటోలతో మీ పేజీలో ప్రచురించాలని కోరుతున్నాను. ఎక్కువమంది ఈ పనులు సంక్రాంతి దాటాక మొదలుపెట్టి వేసవిలో ముగించుకుంటారు కాబట్టి, అది జనవరి లోపు వస్తే కలపకు బయానా ఇవ్వకముందే పాఠకులకు అందుతుంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం